హోమ్‌లలో ఆర్ట్ థెరపీ: రంగు ఎంచుకునేది ఎవరు?

సంక్షిప్తంగా: మేధో వైకల్యం ఉన్న పెద్దలు ఉండే హోమ్‌లలో ఆర్ట్ థెరపీ పేరుతో జరిగేవన్నీ ఒకటి కావు. కాలక్షేపానికీ చేతిపని శిక్షణకూ చికిత్సకూ కాగితం, రంగులు ఒకటే అయినా ఉద్దేశం, పద్ధతి, కావలసిన అర్హత వేరు. చికిత్సగా చేసినచోట పనిచేసేవి ప్రధానంగా రెండు: నోటితో చెప్పలేనిది చెప్పే దారి దొరకడం, హోమ్ జీవితంలో పోయిన ఎంపిక కొంచెమైనా తిరిగి రావడం. పరిశోధనల ఆధారం ఇంకా పలచగానే ఉంది. బొమ్మలో కనబడినదాన్ని బట్టి హోమ్ దినచర్యలో ఏదీ మారకపోతే ఆ కాస్త ఫలితం కూడా నిలవదు.

మేధో వైకల్యం ఉన్నవారికి ఆశ్రయమిచ్చే సంస్థల కరపత్రాల్లో, ఫేస్‌బుక్ పేజీల్లో ఫిజియోథెరపీ, యోగా పక్కన ఆర్ట్ థెరపీ అన్న మాట ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. తిరుపతిలోనో చిత్తూరులోనో పెద్దవాడైన కొడుకును, కూతురిని ఎక్కడ చేర్చాలా అని తిరిగే తల్లిదండ్రులకు ఈ మాట దగ్గర సందేహం వస్తుంది. ఇది వైద్యమా, డ్రాయింగ్ క్లాసా? నలభై ఏళ్ల మనిషి ముందు క్రేయాన్లు పెడితే ఏం మారుతుంది? ఫీజులో దీనికంటూ విడిగా తీసుకుంటే ఇవ్వాలా? ఇవి న్యాయమైన ప్రశ్నలే. జవాబు మాత్రం ఆ గదిలో ఎవరు ఏం చేస్తున్నారన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ఎవరి గురించి మాట్లాడుతున్నాం

మేధో వైకల్యం అంటే పెరిగే వయసులోనే మొదలై, నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం పరిమితమయ్యే స్థితి. ఐక్యూ 70 కంటే తక్కువ ఉండటం ఒక కొలత. 50 నుంచి 69 మధ్య ఉంటే స్వల్పం, 35 నుంచి 49 వరకు ఓ మోస్తరు, 20 నుంచి 34 వరకు తీవ్రం, అంతకంటే తక్కువైతే అతి తీవ్రం అంటారు. ఇది మానసిక వ్యాధి కాదు. అలాగని ఈ మనుషులకు దిగులు, భయం, కలత రావని కాదు, మామూలు జనంలో కంటే వీరిలోనే ఎక్కువ. ఇంటర్నెట్‌లో చదివేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: బ్రిటన్ నుంచి వచ్చే వ్యాసాల్లో లెర్నింగ్ డిసెబిలిటీ అంటే మేధో వైకల్యమే, మన దగ్గర ఆ మాటను డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) లాంటివాటికి వాడుతున్నారు. ఒకదాని గురించి రాసింది ఇంకోదానికి అన్వయించుకుంటే పొరపాటు పడతాం.

2011 జనాభా లెక్కల్లో దేశంలో సుమారు 15 లక్షల మందిని ఈ వర్గంలో చూపించారు. వీరిలో ఎక్కువమంది ఇంట్లోనే ఉంటారు. హోమ్‌కు చేరేది సాధారణంగా ఒక మలుపు తర్వాత. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రమో స్పెషల్ స్కూలో ఏదో ఒకటి అప్పటిదాకా ఉంటుంది. 18 నిండాక ఆ తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అమ్మ చూసుకుంటుంది. ఆమెకు మోకాళ్లు పట్టేసిన రోజునో, పోయిన రోజునో అన్నదమ్ములు సమావేశమై హోమ్ వెతుకుతారు. అంటే హోమ్‌లో చేరే పెద్దవారిలో చాలామంది ఒకే వారంలో తల్లిని, ఇంటిని, వీధిని, పడుకునే మంచాన్ని పోగొట్టుకుని వస్తారు. ఏడవడం రాకపోతే 'వీడికేం తెలుసులే' అని చుట్టూ ఉన్నవాళ్లు తేల్చేస్తారు. ఆర్ట్ థెరపీ అవసరం మొదలయ్యేది చాలాసార్లు ఇక్కడే.

శానిటోరియంలో పుట్టిన పద్ధతి

ఆర్ట్ థెరపీ అనే పేరు పెట్టింది ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు. 1938లో క్షయతో శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ఆసుపత్రిలో చేరి, మంచం మీదే బొమ్మలు గీసుకుంటూ కోలుకున్నాడు. తోటి రోగులకూ అలవాటు చేశాడు. 1942లో ఆ పనికి ఈ పేరు పెట్టాడు. పాత చిత్తూరు జిల్లావారికి శానిటోరియం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచే అలాంటిది ఉంది. మందులు సరిగా లేని కాలంలో క్షయ రోగి నెలలు, కొన్నిసార్లు ఏళ్ల తరబడి మంచానికి అంటిపెట్టుకుని ఉండాల్సిందే. ఆ ఖాళీ కాలం మనిషిని ఏం చేస్తుందో హిల్‌కు అనుభవంలో తెలిసింది. రోగం ఒకవైపు, రోగి అయిపోవడం మరొకవైపు. రెండోదానికి బొమ్మలు పనికొచ్చాయి.

1946లో ఎడ్వర్డ్ ఆడమ్సన్ ఇంగ్లండ్‌లోని నెదర్న్ మానసిక చికిత్సాలయంలో స్టూడియో నడపడం మొదలుపెట్టాడు. ఆయన బొమ్మలకు అర్థాలు చెప్పేవాడు కాదు, గీసే చోటు ఇచ్చేవాడు. అదే కాలంలో అమెరికాలో మార్గరెట్ నౌమ్‌బర్గ్ మనోవిశ్లేషణ వైపు నుంచి వచ్చి, బొమ్మ అనేది రోగికీ చికిత్సకుడికీ మధ్య సాగే సంభాషణ అంది. గీయడమే మేలు చేస్తుందనేది ఒక దారి, గీసినదాన్ని పక్కన కూర్చుని చూసే మనిషి వల్ల మేలు జరుగుతుందనేది మరో దారి. ఈనాటికీ ఈ రంగం ఆ రెండింటి మధ్యే ఊగుతోంది.

మేధో వైకల్యం ఉన్నవారి దాకా ఇది రావడానికి చాలా ఆలస్యమైంది. కారణం సాంకేతికం కాదు. మాట సరిగా రానివారికి మానసిక చికిత్స కుదరదని, వారి ప్రవర్తనంతా వైకల్యంలో భాగమేనని నిపుణులే నమ్మారు. బ్రిటన్‌లో ఈ మనుషులు ఊరికి దూరంగా కట్టిన పెద్ద ఆసుపత్రుల్లో జీవితాంతం ఉండేవారు. కార్డిఫ్‌లోని ఈలీ ఆసుపత్రిలో జరుగుతున్న దుర్వ్యవహారంపై 1969లో విచారణ నివేదిక వచ్చాక, 1971లో ప్రభుత్వం విధానం మార్చుకుని వారిని సమాజంలోకి తేవాలని ప్రకటించింది. ఆ ఖాళీ అవుతున్న వార్డుల్లోనే ఆర్ట్ థెరపిస్టులు ఈ పని ఎక్కువగా నేర్చుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా ఒకే గోడల మధ్య ఉన్న మనిషిని కొత్త ఇంటికి పంపేటప్పుడు, ఆ మనిషికి ఏం జరుగుతోందో చెప్పడానికీ, ఆ మనిషి చెప్పేది వినడానికీ ఏదో ఒక భాష కావాల్సి వచ్చింది.

గంటసేపు గదిలో జరిగేది

చికిత్సగా చేసే ఆర్ట్ థెరపీ చూడటానికి చప్పగా ఉంటుంది. వారానికి ఒకే రోజు, ఒకే సమయం, ఒకే గది, వీలైతే అదే కుర్చీ. మూర్ఛ మందులు, మత్తు తెప్పించే మందులు వాడేవారు ఎక్కువ కాబట్టి మాత్ర వేసుకున్న వెంటనే కాకుండా మగత లేకుండా ఉండే పొద్దుటిపూట పెట్టుకుంటారు. బల్ల మీద అన్నీ గుమ్మరించరు. రెండు మూడు రకాలు పెడతారు: లావుపాటి క్రేయాన్లు, బంకమట్టి, పాత పత్రికల ముక్కలు, జిగురు. కాగితం రెండు సైజుల్లో ఉంటుంది. ఏది తీసుకోవాలో చెప్పరు. చేయి చాచడానికి పది నిమిషాలు పట్టినా ఆగుతారు. ఈ ఆగడమే కష్టమైన పని. పక్కనున్న ఆయాకు ఊపిరాడదు, చేయి పట్టుకుని గీయించేస్తుంది. ఆమె తప్పు కాదు, పాతికమందికి స్నానాలు చేయించి అన్నం పెట్టే మనిషికి ఆగడం అనేది ఉద్యోగంలో లేదు.

గంట అయ్యాక బొమ్మ ఆ మనిషి పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్తుంది. గోడకు అంటించరు, చింపరు. వచ్చే వారం అడిగితే తీసి చూపిస్తారు. పోయిన వారం చేసింది ఇంకా ఉందన్న సంగతి, సొంత అలమరా కూడా లేని మనిషికి చిన్న విషయం కాదు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. పాకాల వైపు పల్లె నుంచి తిరుపతిలోని ఒక హోమ్‌కు వచ్చిన నలభై రెండేళ్ల మనిషి అనుకోండి. నాలుగైదు మాటలకు మించి రావు. ప్రతి వారం ఒకటే బొమ్మ: పొడవాటి డబ్బా, కింద రెండు సున్నాలు. 'మళ్లా బస్సేనా' అని వార్డెన్ నవ్వుతాడు. థెరపిస్టు ఆ మాట అనకుండా ఫోల్డర్‌లో తేదీ వేసి పెడుతుంది. ఆరు వారాలకు బస్సు బయట ఒక గీత నిలబడుతుంది, మనిషి లాంటి గీత. సంక్రాంతికి తోటివారిలో కొందరిని ఇంటివాళ్లు తీసుకుపోయిన వారం, బస్సు మీద క్రేయాన్ విరిగేలా రుద్దేస్తాడు. అదే వారం రిజిస్టరులో ఇంకోచోట రాసి ఉంది: రెండు రోజులు కంచం విసిరేశాడు, ప్రవర్తన బాగాలేదు, డాక్టరును అడిగి మందు పెంచాలి. ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదకు వస్తేనే ఎవరికైనా పాకాల బస్సు గుర్తొస్తుంది. మందు పెంచే ముందు అన్నకు ఫోన్ చేసి, ఎప్పుడు వస్తాడో అడిగి, ఆ తేదీని క్యాలెండర్లో బస్సు బొమ్మతో గుర్తుపెట్టవచ్చు.

అర్థాలు చెప్పే తొందర ఇందులో ఉన్న పెద్ద ప్రమాదం. నలుపు వాడితే దిగులు, ఎరుపు వాడితే కోపం లాంటి సూత్రాలకు ఆధారం లేదు. డబ్బాలో విరక్కుండా మిగిలింది నల్ల క్రేయాన్ ఒక్కటే అయి ఉండవచ్చు కూడా. ఒక్క బొమ్మ నుంచి ఏదీ తేల్చకూడదు. వరుసగా చూసినప్పుడు వచ్చే మార్పు, ఆ మార్పు వచ్చిన రోజుల్లో హోమ్‌లో జరిగిన సంగతి, ఈ రెండూ కలిపి చూసినప్పుడే ఏదైనా అనవచ్చు.

ఏది పనిచేస్తుంది

మొదటిది ఎంపిక. హోమ్ ఎంత మంచిదైనా అందులో ఉండేవారి తరఫున నిర్ణయాలన్నీ ముందే అయిపోతాయి. ఎప్పుడు లేవాలి, ఏ చొక్కా వేసుకోవాలి, ఇడ్లీనా ఉప్మానా, లైటు ఎప్పుడు తీయాలి. ఏళ్ల తరబడి ఇలా గడిస్తే అడిగినా ఎంచుకోలేని స్థితి వస్తుంది. దాన్ని వైకల్యం అని రాసేస్తారు, సగం అలవాటు. ఎరుపా నీలమా అన్నది చాలా చిన్న నిర్ణయం. తప్పైనా నష్టం లేదు, ఎవరూ తిట్టరు, ఫలితం కళ్లెదుట కనబడుతుంది. పెద్ద నిర్ణయాలకు ఇది సాధన.

రెండోది, మాట అక్కరలేని సంభాషణ. మేధో వైకల్యం ఉన్న మనిషికి బాధ వస్తే అది ప్రవర్తనగా బయటపడుతుంది: తల బాదుకోవడం, తిండి మానేయడం, బట్టలు చింపుకోవడం. చూసేవారు అదంతా ఆ వైకల్యం లక్షణమేనని సరిపెట్టుకుంటారు. దీనివల్ల పంటినొప్పి, మలబద్ధకం, చెవిపోటు లాంటి చికిత్స ఉన్న సమస్యలు కూడా నెలల తరబడి దాగిపోతాయని వైద్యులు హెచ్చరిస్తుంటారు. శోకం అయితే ఏళ్ల తరబడి. ఆర్ట్ థెరపీ పంటినొప్పి తగ్గించదు. కానీ ఒక మనిషిని వారానికి గంటసేపు నిశితంగా చూసే కన్ను ఒకటి హోమ్‌లోకి వస్తుంది. కొన్నిచోట్ల దక్కే లాభంలో పెద్ద వాటా దీనిదే కావచ్చు. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ తేడా) ఉన్నవారిలో నలభైలు దాటేసరికే అల్జీమర్స్ మొదలయ్యే ప్రమాదం ఎక్కువ. నిన్నటిదాకా వేసిన బొమ్మ వేయలేకపోవడం, తెలిసిన రంగు డబ్బా మూత తీయలేకపోవడం తొలి సూచనల్లో ఉండవచ్చు. ఫోల్డర్ ఉంటే పోల్చి చూడవచ్చు, లేకపోతే ఎవరి జ్ఞాపకం వారిది.

ప్రధానమైన ఈ రెండింటికీ తోడు మూడోది, చేతికి, కంటికి దొరికే స్పర్శ. తీవ్ర వైకల్యం ఉన్నవారికి బొమ్మ అన్నదే ఉండకపోవచ్చు. తడిమట్టిని నొక్కితే గుంట పడటం, మళ్లీ నొక్కితే ఇంకో గుంట పడటం, అంతే. 'నేను చేస్తే జరిగింది' అన్న ఎరుక అక్కడ ఉంటుంది. తినకూడనివి నోట్లో పెట్టుకునే అలవాటున్నవారికి బంకమట్టి బదులు గోధుమపిండి ముద్దలో పసుపు కలిపి ఇస్తారు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

కలంకారీ నేర్పితే చాలదా

శ్రీకాళహస్తి పక్కనే ఉండగా ఈ ప్రశ్న సహజం. కలంకారీ, మాధవమాల కొయ్యబొమ్మలు, పలమనేరు మట్టిపని ఉన్న ప్రాంతంలో, చేతిపని నేర్పి నాలుగు డబ్బులు వచ్చేలా చేస్తే ఆ మనిషికి గౌరవం కూడా కదా అని కుటుంబాలు అడుగుతాయి. ఆ వాదనలో బలం ఉంది. పని చేసి సంపాదించడం వికలాంగుల హక్కు. అయితే అది వృత్తి శిక్షణ, దాని కొలతలు వేరు.

కలంకారీ బట్ట తయారయ్యే తీరు చూస్తే తేడా తెలుస్తుంది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేసిన ద్రవాన్ని, గుడ్డ చుట్టిన వెదురు కలంతో, వేళ్లతో నొక్కుతూ గీస్తారు. గీత పడగానే కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. తర్వాత పటిక, ఉడకబెట్టడం, ఉతకడం, ఒక్కో రంగుకు ఒక్కో వరుస. ఏ దేవుడికి ఏ ముద్ర, ఏ రంగు అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. గీత వంకర పోతే బట్ట పాడైనట్టే. ఇక్కడ మంచి పని అంటే నియమం ప్రకారం వచ్చిన పని. ఆర్ట్ థెరపీలో వంకర గీత పాడు కాదు, ఆ రోజు ఆ గీతే విషయం. శిక్షణలో గురువు దిద్దుతాడు, చికిత్సలో దిద్దడం తప్పు.

అలాగని స్థానిక కళలకు ఇందులో చోటు లేదనుకోకూడదు. కరక్కాయ బట్ట మీద గీత కళ్లముందే నల్లబడటం, నిదానంగా స్పందించే మనిషి దృష్టిని కూడా పట్టి ఉంచుతుంది. కలానికి చుట్టిన గుడ్డ వల్ల పట్టు లావుగా ఉంటుంది, సన్నటి కుంచె నిలవని చేతికి అది నయం, ఎంత నొక్కాలన్నది మాత్రం కష్టమే. ముగ్గు సంగతి ఇంకా ఆసక్తికరం. పల్లె నుంచి వచ్చిన స్త్రీ ఎప్పుడూ కుంచె పట్టి ఉండదు. అమ్మ పక్కన కూర్చుని వాకిట్లో చుక్కలు పెట్టి ఉంటుంది. అంకెలు లెక్కపెట్టలేకపోయినా వేళ్ల మధ్య నుంచి పిండి జారే కొలత ఆ చేతికి తెలుసు. అలాంటి మనిషిని బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి వాటర్ కలర్లు ఇవ్వడం, రానిదాన్ని ఇచ్చి రాదని రాసుకోవడమే. నేల మీద కూర్చోబెట్టి బియ్యప్పిండి ఇస్తే అసలు వచ్చిందేమిటో తెలుస్తుంది. బజారులో దొరికే రాతిముగ్గు దుమ్ము ఊపిరికి మంచిది కాదు కాబట్టి మూసిన గదిలో బియ్యప్పిండే మేలు.

ఒహాయో నుంచి ఓక్లాండ్‌కు

సంస్థల్లో ఉండే పెద్దల కళ గురించి మాట్లాడేటప్పుడు ప్రపంచమంతా చెప్పే పేరు జూడిత్ స్కాట్. 1943లో అమెరికాలోని ఒహాయోలో కవలగా పుట్టింది. డౌన్ సిండ్రోమ్ ఉంది. వినిపించదు, ఆ సంగతి చాలాకాలం ఎవరూ గుర్తించలేదు. జవాబు చెప్పకపోవడాన్ని తెలివి లేకపోవడంగా లెక్కగట్టారు. ఏడేళ్ల వయసులో సంస్థలో చేర్చారు, సుమారు 35 ఏళ్లు అలాంటి చోట్లే గడిపింది. 1980లలో కవల సోదరి జాయిస్ సంరక్షకురాలిగా బాధ్యత తీసుకుని కాలిఫోర్నియాకు తెచ్చుకుంది. 1987లో ఓక్లాండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ అనే స్టూడియోలో చేర్పించింది. వికలాంగులైన పెద్దల కోసమే 1974లో పెట్టిన చోటు అది.

చాలా నెలలపాటు అక్కడ జూడిత్ ఏ ఆసక్తీ చూపలేదు. రంగులు ఇచ్చారు, ముట్టీ ముట్టనట్టు గీసింది. తర్వాత దారాలు, నూలుతో పనిచేసే ఒక కళాకారిణి తరగతి జరిగినప్పుడు మొదలైంది. దొరికిన వస్తువు చుట్టూ నూలు చుట్టడం, చుట్టూ చుట్టూ, లోపల ఏముందో కనబడనంతగా. 2005లో చనిపోయేదాకా అదే పని. ఆ రూపాలు ఇప్పుడు పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి.

ఈ కథను విరాళాల సభల్లో చెప్పే తీరు ఒకటుంది: ప్రతి హోమ్‌లోనూ ఒక జూడిత్ దాగి ఉందని. ఆ తీర్మానం బలహీనం. క్రియేటివ్ గ్రోత్ చికిత్సా కేంద్రం కాదు, స్టూడియో. అక్కడ జూడిత్ రోగి కాదు, కళాకారిణి. చాలామంది హోమ్ నివాసులు గొప్ప కళాకారులు కారు, కావాల్సిన అవసరమూ లేదు. అసలు గమనించాల్సింది వేరే రెండు సంగతులు. ఆమె ముందు సరైన సామగ్రి వచ్చేదాకా చోటు ఖాళీ చేయించకుండా ఆగారు. అంతకంటే ముందు, ఆమె సంస్థ నుంచి బయటికి వచ్చింది.

ఆధారం ఎంత

ఆర్ట్ థెరపీ మీద పెద్ద ఎత్తున జరిగిన పరీక్షల్లో ఒకటి బ్రిటన్‌లోని మ్యాటిస్ ట్రయల్. 2012లో ఫలితాలు వచ్చాయి. స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్న 417 మందిపై జరిపారు. వారానికి ఒకసారి బృందంగా ఏడాదిపాటు ఆర్ట్ థెరపీ ఇచ్చిన వారికీ, మామూలు చికిత్స మాత్రమే పొందినవారికీ మధ్య పనితీరులోగానీ లక్షణాల్లోగానీ తేడా కనబడలేదు. సెషన్లకు హాజరు తక్కువ కావడం కూడా నమోదైంది. ఇది స్కిజోఫ్రీనియాకు సంబంధించిన ఫలితం, మేధో వైకల్యానికి నేరుగా అన్వయించలేం. కానీ ఆర్ట్ థెరపీ శాస్త్రీయంగా రుజువైందని అలవోకగా అనేవారు దీన్ని చదవాలి.

మేధో వైకల్యం ఉన్న పెద్దల విషయంలో ఉన్నవి ఎక్కువగా ఒక్కొక్క వ్యక్తి గురించి రాసిన కేసు వివరాలు, చిన్న బృందాల అధ్యయనాలు. పెద్ద పరీక్షలు కష్టం కావడానికి కారణాలున్నాయి. మనసు బాగుందా అని అడిగే ప్రశ్నపత్రాన్ని మాట రాని మనిషి నింపలేడు, సిబ్బంది నింపితే అది సిబ్బంది అభిప్రాయం. సమ్మతి తీసుకోవడం సున్నితమైన పని. ఒకరికీ ఇంకొకరికీ వైకల్యంలో ఎంతో తేడా. ఏ మార్పు బొమ్మల వల్ల వచ్చిందో, ఏది వారానికి గంటసేపు ఒక మనిషి శ్రద్ధగా కూర్చోవడం వల్ల వచ్చిందో విడదీయడం కూడా సులువు కాదు. కాబట్టి కోపం తగ్గుతుంది, ఐక్యూ పెరుగుతుంది, మందులు మానేయవచ్చు అని హామీ ఇచ్చే చోట జాగ్రత్తపడాలి. ఐక్యూ పెరుగుతుందని చెప్పేవారిని నమ్మకపోవడమే మంచిది.

అర్హత, చట్టం, డబ్బు

బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్ట్ అనే పేరును చట్టం కాపాడుతుంది. పోస్టుగ్రాడ్యుయేట్ శిక్షణ పొంది ప్రభుత్వ నియంత్రణ సంస్థలో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. మన దగ్గర అంత స్పష్టత లేదు. 1992 చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలి క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్టు వంటి వృత్తులను నమోదు చేస్తుంది, ఆ జాబితాలో ఆర్ట్ థెరపిస్టు లేరు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం షెడ్యూల్‌లో మాత్రం మూవ్‌మెంట్ థెరపిస్టు అనే పద్దు కింద ఆర్ట్, డాన్స్ థెరపీల ప్రస్తావన ఉంది. ఈ సందులో వారాంతపు ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్లతో బోర్డు పెట్టేవారికి చోటు దొరుకుతోంది. ఫైన్ ఆర్ట్స్ చదివినవారు మంచి డ్రాయింగ్ టీచర్లు కావచ్చు, కానీ శోకంలో ఉన్న, మాట రాని మనిషితో పనిచేయడం వేరే చదువు. పూర్తి అర్హత ఉన్న మనిషి దొరకని చోట, క్లినికల్ సైకాలజిస్టు పర్యవేక్షణలో స్పెషల్ ఎడ్యుకేటర్ నడిపే బొమ్మల గంట నిజాయితీ గల మధ్యమార్గం. దాన్ని థెరపీ అనకుండా ఆర్ట్ గ్రూపు అంటే చాలు. సికింద్రాబాద్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ మేధో వికలాంగుల సాధికారత సంస్థలో శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్లు ఈ పనికి దగ్గరివారు.

చట్టం వైపు నుంచి చూస్తే పునాది ఉంది. భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం, వికలాంగులు తమ సృజనశక్తిని తమ కోసమే కాక సమాజం కోసం కూడా పెంచుకునే అవకాశం ఉండాలంటుంది. 2016 చట్టం 29వ సెక్షన్ సంస్కృతి, వినోదాల గురించి మాట్లాడుతుంది. అదే చట్టం 5వ సెక్షన్ ఇంకా కీలకం. వికలాంగులకు సమాజంలో జీవించే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండాలని బలవంతం చేయకూడదు. ఈ సెక్షన్ దృష్టితో చూస్తే హోమ్ అనేది ఆఖరి గమ్యం కాకూడదు, అక్కడ చేసే చికిత్స ఏదైనా బయటి బతుకు వైపు నడిపించాలి.

డబ్బు విషయం క్లుప్తమే. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. కేంద్రం దీన్‌దయాళ్ పథకం కింద కొన్ని స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇస్తుంది. అన్నం, మందులు, జీతాలు పోను ఆర్ట్ థెరపిస్టుకు మిగిలేది తక్కువ. అందుకే ఈ పని చాలాచోట్ల దాత ఉన్నన్ని నెలలు సాగి ఆగిపోతుంది.

బొమ్మ ఎవరి సొత్తు

దాత పేరు వచ్చింది కనుక ఒక ఇబ్బందికరమైన సంగతి. హోమ్‌లో గీసిన బొమ్మలు గ్రీటింగ్ కార్డులవుతాయి, వార్షికోత్సవంలో గోడెక్కుతాయి, గీసిన మనిషి ఫొటోతో సహా ఫేస్‌బుక్‌లోకి వెళ్తాయి. ప్రేమతో చేసేవారే ఎక్కువ. కానీ కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మకు తొలి యజమాని గీసిన మనిషి, వైకల్యం వల్ల ఆ హక్కు పోదు. చికిత్సలో గీసినదైతే అది వైద్య రికార్డుతో సమానం, ఎవరి బీపీ చీటీనీ ఎగ్జిబిషన్‌లో పెట్టం కదా. చిక్కు ఇంకొకటుంది. బొమ్మలు అమ్ముడుపోవడం మొదలైతే అందమైన బొమ్మలు వేసేవారికే సమయం దక్కుతుంది, ఊరికే మట్టి నొక్కేవారు వెనకబడతారు. పువ్వులు గీయమని మెల్లగా సూచనలు వస్తాయి. ఆ క్షణంలో ఎంపిక మళ్లీ చేయి మారుతుంది.

చికిత్స గదినీ అమ్మకాల గదినీ విడదీస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. సోమవారం ఫోల్డర్‌లోకి వెళ్లేవి, గురువారం అమ్మకానికి చేసేవి అని ముందే తెలిస్తే అందరికీ స్పష్టం. అమ్మిన డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుందో కుటుంబం అడగవచ్చు. మేధో వైకల్యం లాంటివి ఉన్నవారి కోసం తెచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుడిని నియమించే స్థానిక కమిటీ జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలో ఉంటుంది. ఆ సంరక్షకుడు మనిషి ఆస్తికి లెక్క చూపాలి. బొమ్మ మీద వచ్చిన నూట యాభై రూపాయలూ ఆ లెక్కలోవే.

ముందు ముందు

ఈ మాట వాడకం పెరిగేకొద్దీ రెండు రకాల ఫలితాలు రావచ్చు. ఒకటి, హోమ్‌ల తనిఖీలో, ఫీజుల్లో ఇది ఒక పద్దుగా మారి, నెలకో బొమ్మల పోటీతో సరిపెట్టడం. రెండోది, అర్హత నిబంధనలు స్థిరపడేకొద్దీ కొన్ని సంస్థలైనా దీన్ని మానసిక ఆరోగ్య సేవతో కలపడం. ఏది జరుగుతోందో తెలుసుకోవడానికి తల్లిదండ్రులు గోడ మీది బొమ్మలు చూడనక్కర్లేదు. నడిపేవారి చదువేమిటి, ఎవరి పర్యవేక్షణ, సెషన్ రద్దయితే ఆ మనిషికి ముందుగా చెబుతారా, గత మూడు నెలల్లో సెషన్‌లో గమనించినదాన్ని బట్టి ఒక్కరి విషయంలోనైనా మంచం, భోజనం, ఫోన్, మందు దేన్నైనా మార్చారా అని అడిగితే చాలు. చివరి ప్రశ్నకు వెంటనే ఉదాహరణ చెప్పగలిగిన హోమ్‌లో ఏదో పని జరుగుతున్నట్టే.

ముగింపు దశకు కూడా పద్ధతి ఉంది, దాన్ని ఎక్కువగా మరిచిపోతుంటారు. నిధులు అయిపోయి థెరపిస్టు ఒక్కసారిగా రావడం మానేస్తే, అప్పటికే ఒకసారి చెప్పకుండా ఇల్లు కోల్పోయిన మనిషికి అది రెండోసారి. అందుకే ఆఖరి సెషన్ తేదీని కనీసం ఆరు వారాల ముందే క్యాలెండర్లో పెట్టి, వారం వారం కలిసి కొట్టేస్తూ వస్తారు. ఫోల్డర్ ఎవరికి ఇవ్వాలో ఆ మనిషినే అడుగుతారు. హోమ్ మారితే బట్టల మూటతో పాటు, సదరం సర్టిఫికెట్‌తో పాటు ఆ ఫోల్డర్ కూడా వెంట వెళ్లాలి.